చేతి మీద ఆసిడ్ పడితే వెతకాల్సింది సోడా డబ్బా కాదు, కుళాయి

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడితే చాలు, "ల్యాబ్‌లో గుర్తుంచుకోవాల్సిన సూత్రాలు" అనే మెసేజ్ మళ్లీ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. చదవకుండా పంపేవాళ్లు పంపుతూనే ఉన్నారు. ఇందులో ఒక్క అంశం పిల్లల కళ్లు పోగొట్టగలదు. అందుకే ముందు దాని సంగతి.

"ఆసిడ్ పడితే నీళ్లు పోయకండి, వేడెక్కి బొబ్బలొస్తాయి. వెంటనే వంట సోడా గానీ కాస్టిక్ సోడా ద్రావణం గానీ పోస్తే తటస్థమైపోతుంది."

కాస్టిక్ సోడా అంటే బలమైన క్షారం, చర్మాన్ని తినేస్తుంది. కంట్లో పడితే చాలా ఆమ్లాలకంటే లోతుకు దిగుతుంది. ఒక గాయం మీద రెండో గాయం చేయమంటారా? పైగా బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే మోల్‌కు దాదాపు 57 కిలోజౌళ్ల వేడి పుడుతుంది, అదీ చర్మం మీదే. ఎంత పోయాలో ఎలా తెలుస్తుంది? శంకు కుప్పెలో అయితే ఫినాఫ్తలీన్ అనే సూచిక రంగు మారి చెబుతుంది, చేతి మీద ఏం చెబుతుంది? డబ్బా వెతికే ప్రతి క్షణం ఆసిడ్ తన పని తాను చేసుకుపోతుంది.

నీళ్లతో వేడెక్కుతుందన్న మాటలో సగం నిజం ఉంది. గాఢ సల్ఫ్యూరికామ్లం మీద నాలుగు చుక్కలు చిలకరిస్తే వేడెక్కుతుంది. కుళాయి పూర్తిగా తిప్పితే ఆ ధార ఆసిడ్‌నూ వేడినీ రెంటినీ మోసుకుపోతుంది. గడియారం చూసుకుని కనీసం 15 నిమిషాలు కడగాలి. గాజులు, ఉంగరం, తడిసిన బట్టలు ధార కింద ఉండగానే తీసేయాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని అంతసేపూ కడిగి, తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. ఒంటి మీద పొడి సున్నం పడితే మాత్రం ముందు దాన్ని దులిపి, ఆ తర్వాతే నీళ్లు.

ఒకటి ఒప్పుకోవాలి: ఇది పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. నీళ్లతో బాగా కడిగాక పలుచని వంట సోడా ద్రావణంతో కడగమని పాత ల్యాబ్ మాన్యువళ్లలో ఉండేది. ఎవరో మొదటి సగం కోసేశారు. బల్ల మీద ఒలికిన ఆసిడ్‌కు అయితే వంట సోడా చల్లడం సరైన పనే.

"గాఢ ఆమ్లంలో నీళ్లు నెమ్మదిగా పోస్తే ప్రమాదం లేదు." ఉంది. గాఢ సల్ఫ్యూరికామ్లం సాంద్రత నీటికి 1.84 రెట్లు. తేలికైన నీళ్లు పైనే నిలిచి అక్కడే మరిగి, ఆమ్లంతో సహా మొహం మీదకు చిమ్ముతాయి. నీళ్లలోకే ఆమ్లం, కొద్దికొద్దిగా, గాజుకడ్డీతో కలుపుతూ పోయాలి. 100 మిల్లీలీటర్ల ఒక మోలార్ ద్రావణానికి సుమారు 5.5 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లం చాలు.

"పిపెట్ చివరి చుక్కను ఊదేయాలి." వద్దు. మొనను కుప్పె గోడకు ఆనించి వదిలేయండి, ఆ మిగిలే చుక్కను లెక్కలో పెట్టుకునే గీత గీశారు. నోటితో పీల్చడమూ వద్దు, రబ్బరు బల్బు వాడండి.

"బ్యూరెట్‌లో ఎప్పుడూ కింది వంపే చూడాలి." ముదురు ఊదా రంగు పర్మాంగనేట్ ద్రావణానికి పై అంచు చూడాలి. ఆ రంగులో కింది వంపు కనబడదు.

"స్టాప్‌వాచ్ సెకనులో వందో వంతు చూపిస్తుంది కాబట్టి లోలకానికి ఒక్క డోలనం చాలు." వాచ్ చూపిస్తుంది, బొటనవేలు అంత త్వరగా కదలదు! నొక్కడంలో 0.2 సెకను తేడా మామూలే. మీటరు పొడవు లోలకానికి ఆవర్తన కాలం, అంటే ఒక డోలనానికి పట్టే సమయం, సుమారు 2 సెకన్లు, అంటే 10 శాతం దోషం. గురుత్వ త్వరణం (జీ) లెక్కలో కాలం వర్గం ఉంటుంది కాబట్టి అక్కడికి వచ్చేసరికి అది రెట్టింపై 20 శాతం. 20 డోలనాలు లెక్కపెడితే అదే 0.2 సెకను 40 సెకన్ల మీద పడుతుంది, జీలో దోషం ఒక శాతానికి దిగుతుంది. పొడవు కొలిచేది గోళం మధ్య వరకు.

జుట్టు ముడేసుకోండి, నైలాన్ దుస్తులు వద్దు అన్న అంశం నూటికి నూరుపాళ్లు సరైనది.

ఈ మెసేజ్ మీ గ్రూపులో ఉంటే డిలీట్ చేసి ఊరుకోకండి, ఈపాటికి ఎవరో చదివేసి ఉంటారు. దాని కిందే "ముందు నీళ్లు, 15 నిమిషాలు" అని రాయండి.