చప్పట్లు కొట్టే పని

మొన్న శనివారం మావాడి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. వాడు ఏడో తరగతి. గంటసేపు కూర్చున్నాక మా వంతు వచ్చింది. టీచర్ గారు మార్కుల షీటు మీద స్కేలు పెట్టి మావాడి వరస వెతుక్కుని, తల ఎత్తకుండానే "యావరేజ్ అండీ, కొంచెం పుష్ చేయాలి" అన్నారు. అంతే. నెక్స్ట్. వాడు నా పక్కనే నిలబడి ఐడీ కార్డు తాడు వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

బండి మీద వస్తూ అడిగాను, "క్లాసులో నీకేం పని ఉంటుందిరా?"

"పనా?"

"అదే, బోర్డు తుడవడం, నోట్‌బుక్కులు స్టాఫ్‌రూముకి పట్టుకెళ్ళడం..."

"అవన్నీ లీడర్లు చేస్తారు నాన్నా. ర్యాంకర్లే లీడర్లు."

"మరి నువ్వు?"

కాసేపు ఆలోచించి, "వాళ్ళకి ప్రైజులిచ్చేటప్పుడు చప్పట్లు కొడతాం" అన్నాడు. బాధపడుతూ చెప్పినా బాగుండేది. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు.

మార్కులు తక్కువొచ్చాయని నాకు బెంగ లేదు, నాకూ వచ్చేవి కావు. నా గొడవేంటంటే, పిల్లాడి మీద టీచరుకున్న అంచనా మార్కుల కాగితం దగ్గర ఆగదు. ప్రశ్న ఎవర్ని అడుగుతారు, జవాబు కోసం ఎవరి దగ్గర ఇంకో నాలుగు సెకన్లు ఆగుతారు, ఎవర్ని "సరే, కూర్చో" అంటారు, సుద్దముక్క తెమ్మని ఎవర్ని పంపుతారు, అన్నీ పిల్లలు చూస్తూనే ఉంటారు. "వాడా? వాడింతే" అన్న ముక్క స్టాఫ్‌రూములో ఆరో తరగతి టీచరు నుంచి ఏడో తరగతి టీచరుకి అప్పగింతల్లో వెళ్ళిపోతుంది. వేసవి సెలవుల్లో పిల్లాడు రెండంగుళాలు పెరిగి వస్తాడు, ఆ ముక్క మాత్రం అలాగే ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. యావరేజ్ అనడం దాని కిందకి రాదు, తెలుసు.

ఈ విషయం మాట్లాడితే చాలామంది అమెరికాలో 1960ల్లో రోసెంతాల్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగం ఎత్తుతారు, బాగా చదువుతాడని టీచరు నమ్మిన పిల్లాడు నిజంగానే బాగా చదువుతాడని. దాని లెక్కల మీద బోలెడు తగాదాలున్నాయి, దాని జోలికి పోను. మన దేశంలోదే ఒకటి ఉంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు యూపీ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి దారి కనుక్కునే పజిళ్ళు ఇచ్చారు. 2006లో అచ్చయింది. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలూ అగ్రకులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. ఇంకొన్ని గుంపులకి పజిళ్ళు ఇచ్చే ముందు పేరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు. దళిత పిల్లలు పూర్తి చేసిన పజిళ్ళు తగ్గిపోయాయి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. నువ్వెవరో మాకు తెలుసు అన్నట్టు పైకి చదివారు, అంతే.

రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే చేసిన ఇంకో అధ్యయనంలో జవాబు పత్రాల మీద కులం వివరాలు లాటరీ తీసినట్టు వేసి టీచర్లకి దిద్దమని ఇచ్చారు. నిమ్న కులం అని ఉన్న పేపర్లకి కాస్త తక్కువ పడ్డాయి. తేడా చిన్నదే. అలా తగ్గించింది ఎక్కువగా నిమ్న కులాల టీచర్లేనని చదివినప్పుడు మాత్రం పేజీ మూసేశాను. వాళ్ళ చిన్నప్పుడు వాళ్ళకి ఎవరు ఎలా దిద్దారో మరి.

మన ఇంటర్ కాలేజీల సంగతి మీకు నేను చెప్పాలా? వారం వారం పరీక్ష, వచ్చిన మార్కుల్ని బట్టి సెక్షను. పై సెక్షనుకి పేరున్న లెక్చరరు, కింది సెక్షనుకి నిన్న చేరిన కుర్రాడు. ఏడాది చివర్లో "చూశారా, వాళ్ళకి రాలేదు" అంటారు. వస్తుందా మరి!

నా సంగతి చెప్తాను. ఎనిమిదో తరగతిలో నాది చివరి బెంచీ. మా హైస్కూల్లో గంటంటే వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఆ ఏడాది అటెండరు రిటైరయ్యాడు, కొత్తవాణ్ణి వేయలేదు. ఒకరోజు సోషల్ మాస్టారు పాఠం మధ్యలో నన్ను లేపి, "ఇంటర్వెల్‌కి ఇంకెంతుందిరా?" అన్నారు. "ఆరు నిమిషాలండీ" అన్నాను. నా దగ్గర వాచీ లేదు. కిటికీ ఊచ నీడ మూడో నాపరాయి అంచు తాకితే ఇంటర్వెల్ అని నాకు తెలుసు. పాఠం వినకుండా చేసిన పరిశోధన అది. క్లాసంతా నవ్వింది. ఆయన వాచీ చూసుకుని, "రేపట్నుంచి గంట నువ్వే కొట్టు" అన్నారు.

ప్యూనూ ప్యూనూ అని ఏడిపించారు, నిజమే. కానీ మూడొందల మంది నా దెబ్బ కోసం చెవులు రిక్కించేవాళ్ళు. ప్రార్థన గంట కొట్టాలి కాబట్టి అందరికంటే ముందు బడికి పోయేవాణ్ణి. ఒకసారి జ్వరమొచ్చి పడుకుంటే నాలుగో పీరియడు పావుగంట ఎక్కువ సాగిందట, హెడ్మాస్టరు గారు ఇంటికి మనిషిని పంపారు. అంతకుముందు రోజుల తరబడి ఎగ్గొట్టినా నేను లేనని ఎవరికీ తెలిసేది కాదు.

దాంతో నేనేదో కలెక్టరునైపోయాననుకునేరు. పదిలో సెకండ్ క్లాసే. బడి మానలేదు, అదొక్కటే.

టీచర్ల కష్టం నాకు తెలియక కాదు. ఆంధ్రలో మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో పెట్టే పని కూడా వాళ్ళ చేతే చేయించారు. ఎలక్షన్లొస్తే వాళ్ళే, జనాభా లెక్కలకీ వాళ్ళే. ప్రైవేటులో అయితే చాలీచాలని జీతం, పైన రిజల్ట్ అంటూ యాజమాన్యం. యాభై మందిలో ఒక్కొక్కణ్ణీ ఎప్పుడు చూస్తారు? ఒప్పుకుంటాను. అయినా నోట్‌బుక్కులు మోసే పని వంతులవారీగా ఇవ్వడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదండీ.

దసరా సెలవుల తర్వాత మళ్ళీ మీటింగ్ ఉందట. మార్కులు ఆవిడ చెప్తారు, వింటాను. మావాడికి ఏం పని ఇస్తారో అడుగుతాను. ఇంట్లో నీళ్ళ మోటారు డ్యూటీ వాడిదే. పైన ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు మారగానే ఏ గదిలో ఉన్నా పరిగెత్తుకొచ్చి స్విచ్చి ఆపేస్తాడు, చుక్క పొంగనివ్వడు. అదీ చెప్తాను, ఆవిడ స్కేలు పక్కన పెడితే.