ఇద్దరు డాక్టర్ల మధ్య రోగిని జడ్జిని చేస్తారా?

ఏళ్ల తరబడి ఆయాసంతో బాధపడే పెద్దవాళ్లున్న ఇంటికి వెళ్లి అడగండి, బీరువా మీంచి ఓ పెద్ద ప్లాస్టిక్ కవరు దించుతారు. ఎక్స్‌రేలు, సీటీ ఫిల్ములు, గీతలు పడ్డ సీడీలు, నాలుగైదు ఆసుపత్రుల ఫైళ్లు. జిల్లా కేంద్రంలో ఒకరు టీబీ అని ఆరు నెలలు మందులు మింగించారు. తగ్గకపోతే ఇంకొకరు ఆస్తమా అన్నారు. హైదరాబాద్ వస్తే ఒక పల్మనాలజిస్ట్ ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి, ఫైబ్రోసిస్ అన్నారు, మరొకరేమో పావురాల వల్ల వచ్చిన ఎలర్జీ, స్టెరాయిడ్‌తో అదుపులోకి వస్తుందన్నారు. ఇక ఇంట్లో కొడుకుది ఒక మాట, అల్లుడిది ఒక మాట. చివరికి ఏ డాక్టరు కాస్త ఎక్కువసేపు మాట్లాడితే ఆయన చీటీయే ఖాయం.

ఈ తీర్పు చెప్పాల్సింది రోగి కాదు. ఆ డాక్టర్లే ఒకరితో ఒకరు మాట్లాడుకుని తేల్చాలి. అది వాళ్ల మర్యాదకు సంబంధించిన విషయం కాదు, వైద్యంలో భాగం.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ఈ జబ్బుల్లో పేరు మారితే మందు పూర్తిగా తిరగబడుతుంది. పావురాల రెట్టలు, కూలర్లలో పట్టే బూజు లాంటివాటి వల్ల ఊపిరితిత్తులకు వచ్చే ఎలర్జీ జబ్బు, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌ను తొందరగా పట్టుకుని, కారణాన్ని ఇంట్లోంచి తీసేసి, అవసరమైతే స్టెరాయిడ్ వాడితే మనిషి తేరుకునే అవకాశం ఉంది. కారణం తెలియని ఫైబ్రోసిస్, అంటే ఐపీఎఫ్‌లో అదే స్టెరాయిడ్‌ను, రోగనిరోధక శక్తిని అణిచే అజాథియోప్రిన్ అనే మందుతో కలిపి ఇచ్చే పద్ధతి చాలాకాలం నడిచింది. అమెరికాలో దాన్ని పరీక్షకు పెడితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే ఈ మందులు వాడినవాళ్లలోనే మరణాలు, ఆసుపత్రి చేరికలు ఎక్కువని తేలి, ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇప్పుడు ఐపీఎఫ్‌కు పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ వాడుతున్నారు, అవి జబ్బు వేగాన్ని తగ్గిస్తాయే తప్ప నయం చేయవు. ఇంత తేడా ఉన్న రెండు జబ్బుల్లో రోగికున్నది ఏదో టెన్త్ చదివిన కొడుకు, గూగుల్ చూసే అల్లుడు తేల్చాలా?

అసలు అభిప్రాయాలు ఎందుకు తేడా వస్తాయో చూడండి. స్కాన్ చదివే రేడియాలజిస్ట్ చేతికి వెళ్లే చీటీ మీద ‘దగ్గు, ఆయాసం’ అని తప్ప ఇంకేం ఉండదు. ఆ పేషెంట్ బాల్కనీలో పావురాలు గూళ్లు కట్టాయని, ఎండాకాలం నాలుగు నెలలూ పడక పక్కనే కూలర్ తిరుగుతుందని ఆయనకెవరు చెప్పారు? ఓపీలో చూసే డాక్టరుకేమో రిపోర్టు కాగితమే అందుతుంది, సీడీ తెరిచి చూసే తీరిక ఉండదు. ఒక్కొక్కరూ తమకు కనిపించిన ముక్కను బట్టి నిజాయితీగానే చెబుతున్నారు. దేశంలోని 27 కేంద్రాల నుంచి ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బులున్న 1,084 మంది రోగుల వివరాలు సేకరించి, నిపుణులు బృందంగా చర్చించి జబ్బు తేల్చిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. అందులో ఐపీఎఫ్ సుమారు 14 శాతమే. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ 47 శాతం, వాళ్లలోనూ దాదాపు సగం మందికి ఎయిర్ కూలర్ల సంబంధం కనిపించింది. కూలర్ గురించి అడగాలంటే ముందు ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి కదా.

డాక్టర్లకు అంత టైమెక్కడిది, మీ పేషెంట్లే నెలకో డాక్టరును మారుస్తారు అంటారు. మారుస్తారు, నిజమే. ఎందుకని? మొదటి డాక్టరు ఎందుకలా అనుకున్నారో ఎవరూ చెప్పలేదు కాబట్టి. కారణం చెప్పి, ‘మూడు నెలల్లో ఊపిరి పరీక్ష ఇంత మెరుగవ్వకపోతే నా అంచనా మార్చుకుంటా’ అనే డాక్టరును వదిలి ఎవరూ పోరు.

అసలు రోగం డబ్బు పారే దారిలో ఉంది. మన వ్యవస్థ స్కాన్‌కు డబ్బిస్తుంది, ఆపరేషన్‌కు ఇస్తుంది, బెడ్‌కు ఇస్తుంది. ముగ్గురు డాక్టర్లు అరగంట కూర్చుని ఆలోచిస్తే మాత్రం పైసా రాదు. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలు కూడా ప్రధానంగా ఆపరేషన్లు, అడ్మిషన్ల చుట్టూనే తిరుగుతాయి. క్యాన్సర్‌కు మాత్రం పెద్ద ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డులున్నాయి, సర్జన్, రేడియేషన్ డాక్టరు, పెథాలజిస్ట్ ఒకే గదిలో కేసు చూస్తారు. ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ విషయంలోనూ అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇలాంటి బృంద చర్చనే సూచిస్తున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ టీచింగ్ ఆసుపత్రులున్నాయి, వీడియో కాల్ ఉంది. వారానికో పూట బోర్డు పెట్టి, జిల్లాల నుంచి కేసులు తీసుకుని, దానికి ఫీజు కట్టడానికి ప్రభుత్వాలకు అడ్డేమిటి?

అది వచ్చేదాకా ఆ కవరును ఆయుధంగా వాడుకోండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, కాబట్టి సీడీతో సహా అడిగి తీసుకోండి. వాడిన మందులు, చేసిన పని, ఇంట్లో పక్షులు, కూలర్, పొయ్యి పొగ, అన్నీ తేదీలతో ఒకే కాగితం మీద రాసి రెండో డాక్టరు ముందు పెట్టండి. రెండు అభిప్రాయాలు కలవకపోతే, ‘సార్, మా మొదటి డాక్టరుగారి నంబరు ఇదిగో, ఒక్కసారి మాట్లాడతారా’ అని మొహమాటం లేకుండా అడగండి. ఈలోగా సొంతంగా స్టెరాయిడ్ ఆపడం గానీ మొదలుపెట్టడం గానీ చేయొద్దు.