బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, నా ల్యాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లోని విండోస్ తప్ప.

నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. లోపల నడిచే చిన్న సర్వర్‌ని ఫోన్‌లో తెరిచి చూద్దామన్నదే నా ఆశ. లోపలి మెషీన్‌ని ఇంటి నెట్‌వర్క్‌లో విడి కంప్యూటర్‌లా కలిపే సెట్టింగ్ తమరే కదా అని తమరిని ఎంచుకున్నాను. కింద లిస్టులో వైఫై కార్డు పేరు తమరే చూపించారు. ఓకే కొట్టాను. లోపలి విండోస్ 'ఈథర్నెట్, వేగం 1.0 జీబీపీఎస్' అని గొప్పలు పోయింది. ఇల్లంతా వెతికినా మూరెడు ల్యాన్ కేబుల్ దొరకదు, ఈథర్నెట్ ఎక్కడిదండీ? నెట్‌వర్క్ అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొడితే 169.254తో మొదలయ్యే అడ్రస్. అడ్రస్‌లు పంచిపెట్టే డీహెచ్‌సీపీని పిలిచి పిలిచి, ఎవరూ పలక్కపోతే తనకు తానే పెట్టుకున్న నంబరది.

ఫైర్‌వాల్ ఆపాను. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. రౌటర్ ఆపి పెట్టాను. ఆన్‌లైన్ క్లాసులో ఉన్న మా అమ్మాయి ఏమందో ఇక్కడ రాయను.

అసలు కారణం తమరికి మొదటి నుంచీ తెలుసు. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి వెళ్లే వైఫై ఫ్రేములో, అంటే డేటా మోసే కవరులో, మామూలుగా వాడేవి మూడు అడ్రస్‌లే: రౌటర్‌ది, పంపినవాడిది, చేరాల్సినవాడిది. పంపినవాడి వెనక ఇంకొకడు, అదే వర్చువల్ మెషీన్, ఉన్నాడని చెప్పాలంటే నాలుగోది కావాలి. పాస్‌వర్డ్ చెప్పి లోపలికొచ్చింది ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకుండే గుర్తింపు నంబరు) ఒక్కటే. ఒకే టికెట్ మీద ఇద్దరెక్కితే కండక్టర్ ఊరుకుంటాడా? కొన్నిచోట్ల దారిలో మ్యాక్ మార్చేసి, ల్యాప్‌టాప్‌దే అంటించి నెట్టుకొస్తారట. పనిచేస్తే రౌటర్ దయ, మన ప్రాప్తం.

ఇదంతా తెలిసీ ఆ లిస్టులో వైఫై పేరు ఎందుకు పెట్టినట్టు? పక్కన 'పనిచెయ్యకపోవచ్చు' అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? ఎంచుకోనిచ్చావు, కనెక్టెడ్ అన్నావు, తప్పు నాదేమోనని పూటంతా నన్ను వెతకనిచ్చావు. ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా ఇవ్వలేదు!

ల్యాప్‌టాప్ కనెక్షన్‌నే లోపలి మెషీన్‌కి పంచే ఆ న్యాట్ గాడే నయం. 10.0.2.15 ఇచ్చి లోపల కూర్చోబెడతాడు. ఫలానా పోర్టుకొచ్చినవాణ్ణి లోపలికి పంపమని పోర్ట్ ఫార్వర్డింగ్ రాసిస్తే గానీ బయటివాణ్ణి గడప తొక్కనివ్వడు. కానీ ఆ మాట ముందే చెప్తాడు. ల్యాప్‌టాప్ గడప దాటి బయటికి పోని హోస్ట్ ఓన్లీ సంగతి పేరులోనే ఉంది, వాడితో గొడవే లేదు.

రేపు యూఎస్‌బీ ల్యాన్ అడాప్టరూ, హాల్లోంచి నా గదిదాకా వచ్చేంత కేబులూ కొంటున్నాను. ఆ ఖర్చు నీ ఖాతాలోనే రాస్తున్నా. ఈలోగా ఆ లిస్టులోంచి వైఫై పేరు తీసెయ్.