యుద్ధం చేయనివాడికి శాంతి బహుమతి దేనికి?

అక్టోబరు వచ్చిందంటే నార్వే రాజధాని ఓస్లోలో అయిదుగురు సభ్యుల కమిటీ నోబెల్ శాంతి బహుమతికి ఎవరి పేరు చదువుతుందా అని లోకమంతా చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. పేరు బయటపడిన గంటలోపే విజయనగరం గంటస్తంభం మొదలుకొని శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి వరకు టీకొట్ల ముందు వాదన లేస్తుంది. చేతిలో సైన్యం ఉన్నవాడికి, ఆ సైన్యాన్ని పొరుగువాడి మీదికి తోలినవాడికి శాంతి బహుమతి ఏమిటని కొందరు పెద్దమనుషులు మండిపడుతుంటారు. వారి ఆక్షేపణలో ఆవేశం పాలు ఎక్కువ, శాస్త్రం పాలు తక్కువ అని సవినయంగా మనవి చేసుకోవలసి వస్తున్నది. యుద్ధాలు నడిపిన నాయకులకు శాంతి బహుమతి ఇవ్వవచ్చునా అని అడుగుతున్నారు గానీ, వారికి తప్ప మరొకరికి ఇవ్వడానికి అసలు వీలుందా అని ఎవరూ ఆలోచించడం లేదు.

యుద్ధం ఆగాలంటే ముందు యుద్ధం ఉండాలి. ఆపగలిగినవాడు ఎవడంటే, దాన్ని నడుపుతున్నవాడే. 1867లో డైనమైటుకు పేటెంటు పుచ్చుకున్న ఆల్ఫ్రెడ్ నోబెల్ మహాశయుడు 1895 నవంబరు 27న పారిస్‌లో సంతకం పెట్టిన వీలునామాలో ఈ సంగతి దాదాపు చెప్పకనే చెప్పాడు. దేశాల మధ్య సౌభ్రాతృత్వానికి, స్థిరసైన్యాల రద్దుకో తగ్గింపుకో, శాంతి మహాసభల నిర్వహణకో అందరికంటె ఎక్కువగా పాటుపడినవారికి బహుమతి ఇమ్మన్నాడు. సైన్యాన్ని తగ్గించాలంటే తగ్గించడానికి సైన్యం ఉండాలి కదా. గాంధీగారి చిక్కంతా ఇక్కడే వచ్చింది. 1937, 1938, 1939, 1947, 1948 సంవత్సరాలలో ఆయన పేరు ప్రతిపాదనకు వెళ్లింది. అయిదుసార్లూ ఒట్టి చేతులతోనే తిరిగివచ్చింది. పాపం, తగ్గించి చూపడానికి ఆయన దగ్గర ఒక్క పటాలమైనా లేకపోయెను. 1948లో ఆయన హత్య జరిగిన తరువాత కమిటీ, బతికి ఉన్నవారిలో తగిన అభ్యర్థి ఎవరూ లేరని చెప్పి, ఆ ఏడాది బహుమతి ఎవరికీ ఇవ్వకుండా ఊరుకుంది. దీన్ని కొందరు ప్రాయశ్చిత్తమంటారు. నియమపాలన అనడమే ఉచితం.

అర్హత అంటే ఎలా ఉండాలో తెలియాలంటే 1973వ సంవత్సరం చూడాలి. 1972 డిసెంబరులో ఉత్తర వియత్నాంలోని హనోయి, హైఫాంగ్ నగరాల మీద అమెరికా విమానాలు క్రిస్మస్ పండుగ రోజుల్లో బాంబులు కురిపించాయి. నెల తిరిగేసరికి జనవరిలో పారిస్‌లో వియత్నాం యుద్ధాన్ని ఆపే ఒప్పందం కుదిరింది. కంబోడియా మీద బాంబులు మాత్రం ఆగస్టు నడిమి దాకా పడుతూనే ఉన్నాయి. అవి ఆగిన రెండు నెలలకు అమెరికా విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్‌కూ, ఉత్తర వియత్నాం ప్రతినిధి లె డక్ థోకూ కలిపి బహుమతి ప్రకటించారు. లె డక్ థో నాకు వద్దన్నాడు. మా దేశంలో శాంతి ఇంకా రాలేదు కదా, ఎలా తీసుకోవడం అన్నాడు. ఇటువంటి అమాయకులు దౌత్యరంగంలో ఎలా నెగ్గుకొచ్చారో ఆశ్చర్యమే. శాంతి వచ్చేదాకా ఆగితే శాంతి బహుమతులు అందుకునేది ఎవరు, ఎప్పటికి? కమిటీలో ఇద్దరు సభ్యులు రాజీనామా చేశారు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక కిసింజర్ పతకాన్ని తిరిగి ఇచ్చేస్తానంటే, కమిటీ పుచ్చుకోలేదు. ఒప్పందాలను వెనక్కు తీసుకోవచ్చు, సైన్యాలను వెనక్కు తీసుకోవచ్చు, బహుమతిని మాత్రం వెనక్కు తీసుకునే ఆనవాయితీ లేదు. లోకంలో ఏదో ఒకటైనా శాశ్వతంగా ఉండాలి కదా!

ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ విషయంలోనూ జనం తొందరపడి మాటలు అన్నారు. పొరుగుదేశం ఎరిత్రియాతో ఏళ్ల తరబడి నలిగిన వైరాన్ని తీర్చినందుకు 2019లో ఆయనకు బహుమతి వచ్చింది. 2020 నవంబరులో సొంత దేశంలోని టిగ్రాయ్ ప్రాంతంలో యుద్ధం మొదలైంది. ఇంకేముంది, ఓస్లో పప్పులో కాలేసిందని పత్రికలు ఏకిపారేశాయి. అయితే విమర్శకులు గమనించని ముచ్చట ఒకటున్నది. ఆ యుద్ధంలో ఎరిత్రియా సైన్యం అబీ పక్షాననే నిలబడి పోరాడింది. నిన్నటిదాకా కత్తులు నూరుకున్న రెండు దేశాలు భుజం భుజం కలిపి మూడోవారి మీద పడ్డాయంటే, నోబెల్ కోరుకున్న సౌభ్రాతృత్వానికి అంతకన్న నిదర్శనం ఏం కావాలి? పైగా 2022 నవంబరులో ప్రిటోరియాలో టిగ్రాయ్ వారితోనూ ఒప్పందం అయింది కనుక, ఆయన రెండోసారి కూడా అర్హుడే.

బరాక్ ఒబామా అధికారంలోకి వచ్చిన పన్నెండు రోజులకే 2009 ప్రతిపాదనల గడువు ముగిసింది. అయినా ఆ ఏడాది బహుమతి ఆయనకే దక్కింది. డిసెంబరు 1న అఫ్గానిస్థాన్‌కు మరో 30,000 మంది సైనికులను పంపుతున్నట్లు ఆయన ప్రకటించాడు. 10న ఓస్లో వెళ్లి, యుద్ధాలు కొన్నిసార్లు న్యాయమేనని ఉపన్యసించి పతకం పుచ్చుకున్నాడు. ఈ నిజాయితీని మెచ్చుకోవాలి.

ఇక 2025 సంగతి. జూన్‌లో పాకిస్థాన్ ప్రభుత్వం డొనాల్డ్ ట్రంప్ పేరును శాంతి బహుమతికి సిఫారసు చేస్తున్నట్లు ప్రకటించింది. ఆ సిరా ఆరకముందే అమెరికా విమానాలు ఇరాన్ అణుకేంద్రాల మీద బాంబులు వేశాయి. అదే పాకిస్థాన్ ఆ దాడిని ఖండించింది. జూలైలో, గాజాలో యుద్ధం నడుస్తుండగానే, ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు సిఫారసు ఉత్తరం స్వయంగా చేతికి అందించాడు. యుద్ధం నడిపేవారే శాంతిదూతను గుర్తుపట్టగలరని దీన్నిబట్టి తేలుతున్నది. ఇంత జరిగినా ఓస్లో కమిటీ వెనిజులా ప్రతిపక్ష నాయకురాలు మచాడోకు ఇచ్చి ఊరుకుంది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య చూస్తూ ఊరుకోలేక తానే ఒక శాంతి బహుమతిని సృష్టించి, డిసెంబరు 5న వాషింగ్టన్‌లో ట్రంప్ మెడలో పతకం పడేలా చూసింది. మన ఊళ్లలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే. సన్మానం కావలసిన పెద్దమనిషి ఉంటే సన్మాన సంస్థ వారంలో పుడుతుంది. ‘సేవారత్న’ అని బిరుదు కుదురుతుంది. శాలువా, జ్ఞాపిక, వేదిక అద్దె, కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ, వచ్చినవారికి ఉప్మా, అన్నీ సన్మానితుడి జేబులోంచే వెళ్తాయి. ఆ ఫ్లెక్సీలో అతడి ముఖం పెద్దది, అవార్డు ఇచ్చిన సంస్థ పేరు చిన్నది. మనం నేర్పిన విద్య ఫుట్‌బాల్ సమాఖ్య దాకా పాకినందుకు గర్వించవలసిందే.

ఈ విషయంలో అసలు మన ప్రాంతానికే అన్యాయం జరిగింది. నోబెల్ వీలునామా 138 ఏళ్లు ముందుగా వచ్చి ఉంటే మొదటి శాంతి బహుమతి ఫ్రెంచి సేనాని బుస్సీకి రావలసింది. బొబ్బిలికీ విజయనగరానికీ మధ్య ఉన్న తగవును తీర్చడానికి వచ్చిన మధ్యవర్తి ఆయనే. కోట విడిచిపెట్టి వేరేచోట జాగీరు తీసుకొమ్మని బొబ్బిలి రాజా రంగారావుకు న్యాయమైన రాజీ ప్రతిపాదన కూడా చేశాడు. రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న మధ్యవర్తిగారి ఫిరంగులు కోట గోడల మీద మధ్యవర్తిత్వం నెరపాయి. కోటలోని ఆడవారు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకుండా తమవారి చేతుల్లోనే ప్రాణాలు వదిలారు. సాయంకాలానికి బొబ్బిలిలో సంపూర్ణ శాంతి నెలకొంది. కాల్పుల విరమణను ఉల్లంఘించడానికి కోటలో మనిషన్నవాడు మిగిలితే కదా. ఆ తరువాత కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో జొరబడి విజయనగరం రాజు విజయరామరాజును పొడిచి చంపడం శాంతిప్రక్రియకు కలిగిన చిన్న విఘాతం. అటువంటివి జరుగుతూనే ఉంటాయి.

ఆ యుద్ధం వద్దని చెప్పిన మనిషి ఒకరున్నారని విజయనగరంలో తరతరాలుగా చెప్పుకుంటారు. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ అన్నను వెళ్లవద్దని బతిమాలిందట, ఆయన వినలేదు, అన్న మరణవార్త విని ఆమె పెద్దచెరువులో కలిసిపోయి, పైడితల్లి అమ్మవారుగా వెలసిందట. ఏటా దసరా వెళ్లిన మంగళవారం నాడు సిరిమాను అనే పొడవాటి మాను కొసన పూజారి కూర్చుని, మూడులాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగుతాడు. లక్షల జనం అరటిపళ్లు విసురుతుంటారు. కోట బురుజు మీద కూర్చున్న రాజవంశీకులు, ఆనాడు అన్నగారు వినిపించుకోని ఆడపడుచుకు చేతులెత్తి మొక్కుతారు. మన జనం ఎంత అశాస్త్రీయంగా ఆలోచిస్తారో దీన్నిబట్టే తెలుస్తున్నది. ఒక యుద్ధమైనా నడపని ఆడమనిషికి జాతరా? బుస్సీకి ఒక్క శాలువా అయినా లేదు. మరణించినవారి పేర్లు పరిశీలించరాదని 1974 నుంచి నిబంధన పెట్టుకున్నారు కనుక, ఆయన ఆశలు ఇక పూర్తిగా అడుగంటినట్టే.

బొబ్బిలి చిన్న గొడవ అనుకుంటే, కళింగం ఉండనే ఉంది. యుద్ధం చేసి శాంతిపురుషుడైనవారిలో అశోకుడిని మించినవాడు లేడని పాఠ్యపుస్తకాలన్నీ ఒప్పుకుంటున్నాయి. లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని తరలించారు, దానికి చాలా బాధపడుతున్నాను అని పదమూడో శిలాశాసనంలో ఆయనే చెక్కించాడు. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నది. ఇప్పటి పాకిస్థాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉన్నది. మన ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగఢలో మాత్రం లేదు, ధౌళిలోనూ లేదు. అంటే క్షమాపణ ఊరూరా చాటించి, దెబ్బతిన్న కళింగంలో మాత్రం పదకొండు, పన్నెండు శాసనాలతోపాటు దాన్నీ తప్పించి, బదులుగా ప్రజలంతా నా బిడ్డలు అన్న మాట చెక్కించాడన్నమాట. అంతేకాదు, అదే పశ్చాత్తాప శాసనంలో అటవీ జనులను ఉద్దేశించి, నేను బాధపడుతున్నా నా బలం ఎక్కడికీ పోలేదు సుమా అని హెచ్చరించాడు. ఓస్లో ఉపన్యాసాలు రాసేవారికి ఇంతకంటె మంచి నమూనా దొరకదు.

ఇక్కడ ఒక మినహాయింపును ఒప్పుకోక తప్పదు. యుద్ధం నడిపి, నిజంగానే దాని నుంచి పక్కకు జరిగినవారు కూడా కొందరు ఉన్నారు. 1978లో బహుమతి తీసుకున్న ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ను 1981లో సొంత సైనికులే కాల్చి చంపారు. 1994లో తీసుకున్న ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను 1995లో సొంత దేశస్థుడే కాల్చాడు. గాంధీగారికి బహుమతి అందకపోయినా, తూటా మాత్రం అదే వరుసలో సొంతవాడి చేతి నుంచే వచ్చింది. ఎదుటివాడికి ఏదైనా నిజంగా వదులుకున్నవాడిని ఇంట్లోవాడు సహించడు. కమిటీవారికి ఇది పనికొచ్చే కొలమానమే అయినప్పటికీ, అమలులో ఇబ్బంది ఉంది: పరీక్ష నెగ్గినవాడు పతకం అందుకోవడానికి మిగలడు. నెగ్గకుండా సుఖంగా తొంభై దాటినవారు వేదికలెక్కి ప్రసంగాలు చేస్తుంటారు.

అప్పుడప్పుడు కమిటీ ఏమరుపాటున బాంబు వేసినవాడిని వదిలి, బాంబు పడినవాడికి బహుమతి ఇచ్చేస్తుంటుంది. 2024లో హిరోషిమా, నాగసాకి బాధితుల సంఘం నిహోన్ హిదాన్‌క్యోకు అలాగే ఇచ్చింది. 1945లో బాంబు పడినవారికి 79 ఏళ్లు పట్టింది; అధికారంలోకి వచ్చినవారికి పన్నెండు రోజులు చాలినాయి. అర్హతల మధ్య తేడా ఎంతో ఇంతకన్న స్పష్టంగా అంకెల్లో చెప్పలేము.

కనుక మన రెండు జిల్లాలవారు టీకొట్ల ముందు వాదించుకోవడం మాని, చేతనైన సాయం చేయాలి. చరిత్ర, న్యాయశాస్త్రం, సామాజిక శాస్త్రాలు బోధించే విశ్వవిద్యాలయ ఆచార్యులెవరైనా పేర్లు ప్రతిపాదించవచ్చు. ప్రతిపాదించినవారి వివరాలు 50 ఏళ్ల దాకా కమిటీ బయటపెట్టదు కనుక ఇరుగుపొరుగు ఏమంటారోనన్న బెంగ అక్కర్లేదు. తన పేరు తానే పంపుకుంటే చెల్లదన్న పాత నిబంధన ఒకటి అడ్డుగా ఉన్నది గనుక, నాయకులకు మనవంటివారి అవసరం మరీ ఎక్కువ. ఎవరి పేరు రాయాలన్న చిక్కు కూడా లేదు. గడువు జనవరి 31. ఆ వేళకు ఎవరి ఫిరంగులు ఎక్కువగా పేలుతున్నాయో చూసుకుని రాస్తే సరిపోతుంది.