తమ ఈడు కార్లపై యువతకు ఎందుకింత మక్కువ?

1999 జనవరిలో నిస్సాన్ కంపెనీ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 అనే స్పోర్ట్స్ కారును జపాన్‌లో విడుదల చేసింది. అమెరికాలో దాన్ని ఏనాడూ అమ్మలేదు. అయినా 2024 మొదలైనప్పటి నుంచి ఆ బండ్లు ఒక్కొక్కటిగా ఓడలెక్కి అమెరికా రేవుల్లో దిగుతున్నాయి. వాటి కోసం కాచుకుని కూర్చున్న వారిలో ఎందరో ఆ కారు విడుదలయ్యే నాటికి ఉయ్యాలలో ఉన్నవారు, ఇంకా పుట్టనివారు కూడా. నడివయసు దాటినవారు తాము కుర్రతనంలో ఆశపడి కొనలేకపోయిన కారును చేతిలో డబ్బు ఆడాక కొనుక్కోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. తాము కళ్లారా చూడని కాలానికి చెందిన యంత్రం కోసం ఇరవై అయిదేళ్ల వాళ్లు నెలలు లెక్కపెట్టుకోవడం అలాంటిది కాదు. దీన్ని పాత జ్ఞాపకాల మోజు అని తీసిపారేయడం సులువే గానీ, జ్ఞాపకమే లేనివారికి ఆ మోజు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ఎదురుచూపు వెనక ఒక చట్టం ఉంది. 1980లలో ఐరోపాలో తక్కువ ధరకు దొరికే మెర్సిడెస్, బీఎండబ్ల్యూ కార్లను అమెరికన్లు సొంతంగా తెప్పించుకునేవారు. దానివల్ల తమ వ్యాపారం దెబ్బతింటోందని కంపెనీల వైపు నుంచి గట్టి ఒత్తిడి రావడంతో, అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారు కాని వాహనాల దిగుమతిని దాదాపు అసాధ్యం చేస్తూ 1988లో చట్టం వచ్చింది. తయారై 25 ఏళ్లు నిండిన వాహనాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ లెక్క మొదలయ్యేది మోడల్ విడుదలైన రోజు నుంచి కాదు, ఆ బండి తయారైన నెల నుంచి. 1999 మే నెలలో తయారైన కారుకు 2024 మే నెలలోనే ద్వారం తెరుచుకుంటుంది. పొరుగున ఉన్న కెనడాలో ఈ గడువు 15 ఏళ్లే. ఏ ఉద్దేశంతో ఈ చట్టం చేసినా, అమెరికా కుర్రకారుకు మాత్రం ఇది ఒక పంచాంగమైపోయింది. అదే స్కైలైన్ వరుసలోని 1989 నాటి ఆర్32 జీటీ-ఆర్ 2014లో వచ్చింది, ఆ తరువాతి మోడళ్లు వరుసగా వచ్చాయి.

ఇంతకూ ఆ కాలపు జపాన్ కార్లలో అంత విశేషం ఏముంది? 1980ల చివర జపాన్ ఆర్థిక వ్యవస్థ బుడగలా ఉబ్బింది. టోక్యో షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరు చివరలో 38,900 దాటి, ఆ తరువాత కుప్పకూలింది. కంపెనీల ఖజానాలు నిండుగా ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లో ఇంజినీర్లు అడిగిందల్లా దొరికింది. 1989 ఫిబ్రవరిలో షికాగో కార్ల ప్రదర్శనలో మాజ్దా కంపెనీ రెండు సీట్ల ఎంఎక్స్-5, అదే ఏడాది ఆగస్టులో ఆర్32 జీటీ-ఆర్, 1990లో అల్యూమినియం దేహంతో హోండా ఎన్ఎస్ఎక్స్, 1991లో రోటరీ ఇంజిన్‌తో మాజ్దా ఆర్ఎక్స్-7, 1993లో టొయోటా సుప్రా. ఇన్ని రకాల ఆలోచనలు ఒకే దేశం నుంచి ఇంత తక్కువ వ్యవధిలో వెలువడటం కార్ల చరిత్రలో అరుదు. 280 హార్స్‌పవర్‌కు మించిన కారును ప్రకటించకూడదని జపాన్ కంపెనీలు తమలో తాము ఒక పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. అది 2004 దాకా నిలిచింది. శక్తి విషయంలో పోటీ కాగితం మీద ఆగిపోవడంతో కంపెనీలు మలుపులో కారు ఎలా నిలబడాలి, బరువు ఎక్కడ తగ్గించాలి, నాలుగు చక్రాలకు శక్తిని ఎలా పంచాలి అన్న వాటి మీద కూడా బుర్ర పెట్టాయి. ఆర్32 జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో 1990 నుంచి 1993 దాకా పాల్గొన్న 29 రేసుల్లో ఇరవై తొమ్మిదీ గెలిచిందంటే ఆ శ్రమ ఫలితమే.

ఆ కాలం ముగిసిన తీరు కూడా గమనించదగ్గది. కొత్త ఉద్గార నిబంధనల కారణంగా 2002 ఆగస్టులో స్కైలైన్ జీటీ-ఆర్, సుప్రా, ఆర్ఎక్స్-7, నిస్సాన్ సిల్వియా నాలుగింటి ఉత్పత్తీ జపాన్‌లో ఒకేసారి ఆగిపోయింది. మెల్లగా వాడిపోయి పోలేదు, ఒక్కసారిగా తలుపు మూసుకుంది. ఆ తరువాత పెరిగిన పిల్లలకు అవి వీడియో గేముల్లోనూ కామిక్ కథల్లోనూ మాత్రమే దొరికాయి. 1997 చివర వచ్చిన గ్రాన్ టురిస్మో గేములో ఒక పిల్లవాడు చవకబారు పాత కారు కొని, రేసులు గెలిచి, ఆ డబ్బుతో టర్బో, సస్పెన్షన్ మార్చుకుంటూ పైకి రావాలి. ఆ ఆటలో కారంటే కొని పక్కన పెట్టుకునే వస్తువు కాదు, చెయ్యి పెట్టి బాగుచేసుకోవాల్సిన వస్తువు. ఆ తరం మనసులో ఈ భావన బలంగా నాటుకుందని నేను అనుకుంటాను.

దీనికి అసలు సాక్ష్యం జీటీ-ఆర్ కాదు, టొయోటా ఏఈ86. 1983 నుంచి 1987 వరకు తయారైన ఈ కారు నిజానికి కరోలా కుటుంబంలోది. కరోలా అంటే ఉద్యోగస్తులు కొనుక్కునే మామూలు బండి. అప్పటికి మిగిలిన కరోలాలు ముందు చక్రాలతో నడిచే పద్ధతికి మారిపోగా, ఈ ఒక్క రకంలో మాత్రం పాత పద్ధతిలో ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే వెళ్లేది. 1.6 లీటర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్, వెయ్యి కిలోల లోపు బరువు. కొండ దారుల్లో వెనక చక్రాలను జార్చుతూ మలుపు తిరగడం నేర్చుకోవాలనుకున్న జపాన్ కుర్రాళ్లకు జేబుకు అందిన బండి అదే. 1995లో మొదలైన ఒక కామిక్ కథలో, టోఫు దుకాణం నడిపే తండ్రి కోసం తెల్లవారుజామున సరుకు చేరవేసే కుర్రాడు ఇదే కారుతో తనకంటే ఎంతో శక్తిమంతమైన కార్లను కొండ దిగుడులో ఓడిస్తాడు. ఖరీదైన బండి ఉన్నవాడిని చెయ్యి తిరిగినవాడు గెలవగలడన్నది ఆ కథలోని ఆకర్షణ. వయసులో ఉన్నవాళ్లకు ఇంతకన్నా ఆశ కలిగించే మాట ఏముంటుంది?

ఎంఎక్స్-5 గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ అభిమానం నిజంగా బతుకుతున్నది అక్కడే. దాని తొలి మోడల్ జపాన్‌లో దాదాపు 940 కిలోల బరువుండేది. అంటే మన వీధుల్లో తిరిగే మారుతి స్విఫ్ట్‌తో సమానం. ఇవాళ్టి టెస్లా మోడల్ 3 అయితే 1,600 కిలోలు దాటుతుంది. ఎంఎక్స్-5ను రూపొందించిన ఇంజినీర్లు ఎంచుకున్న మాట జిన్బా ఇత్తాయ్. గుర్రమూ రౌతూ ఒకే ప్రాణమన్నట్టు ఉండటమని దాని అర్థం. ఆ కారులో యాక్సిలరేటర్ పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్నది ఒక తీగ, అంతే. కాలు ఎంత నొక్కితే తీగ అంత లాగుతుంది, ఇంజిన్ అంత గాలి పీలుస్తుంది. ఇప్పటి కార్లలో పెడల్ నొక్కినప్పుడు వెళ్లేది ఒక వినతి మాత్రమే. దాన్ని కంప్యూటరు పరిశీలించి, చక్రం జారుతుందనుకుంటే తగ్గించి, ఉద్గారాలు పెరుగుతాయనుకుంటే ఆలస్యం చేసి, చివరికి తనకు తోచినంత ఇస్తుంది. భద్రత కోసం అది మంచిదే. కానీ తప్పు చేసినప్పుడు తప్పని తెలియకపోతే, సరిగ్గా చేసినప్పుడు ఆ సంతోషమూ తెలియదు. క్లచ్ వదిలే క్షణం కుదరక బండి కుదుపుకు లోనైనప్పుడు నేర్చుకునే పాఠం వేరు. ఆ కుదుపు రానీయని యంత్రం ఆ పాఠం చెప్పలేదు.

డాలస్‌లో పనిచేసే మా బంధువుల అబ్బాయి ఒకడు ఇలాంటి ఎంఎక్స్-5 ఒకటి కొన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కొత్త కారు కొనగల స్తోమత ఉండి, తనకంటే ముందు పుట్టిన కారు కొన్నందుకు ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకున్నారు. ఏడాది తరువాత వాడితో ఫోనులో మాట్లాడినప్పుడు కారు వేగం గురించి ఒక్క మాటా రాలేదు. టైమింగ్ బెల్ట్ తానే మార్చుకున్నానని, తలుపు కింద తుప్పు పట్టిన రేకు కోసి అతుకు వేయించానని, రేడియేటర్ గొట్టం ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి రెండు శనివారాలు పట్టాయని గంటసేపు చెప్పాడు. రోజంతా కంటికి కనబడని కోడ్‌తో పని చేసే మనిషి సాయంత్రానికి చేతికి గ్రీజు అంటుకునే పనిలో ఊరట వెతుక్కోవడం నాకు వింతగా తోచలేదు. మన ఊళ్లలో ఒకప్పుడు మోటారు షెడ్డు ముందు నిలబడి మెకానిక్ ఇంజిన్ దించుతుంటే కదలకుండా చూసిన పిల్లల్లో ఉన్న ఆసక్తి ఇదే.

అయితే ఈ అభిమానాన్ని డబ్బు తరుముకొస్తోంది. ఆర్34 జీటీ-ఆర్‌లు మొత్తం 11,500 పైచిలుకు మాత్రమే తయారయ్యాయి. 25 ఏళ్ల గడువు దగ్గరపడిన కొద్దీ జపాన్ వేలంపాటల్లో వాటి ధర ఎగబాకింది. నటుడు పాల్ వాకర్ సినిమాలో నడిపిన ఆర్34 ఒకటి 2023లో 13 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది సినిమా బండి కాబట్టి లెక్కలోకి తీసుకోకపోయినా, మామూలు ఆర్34 సైతం ఉద్యోగంలో కొత్తగా చేరినవారి ఊహకు అందని స్థాయికి వెళ్లిపోయింది. ఒకప్పుడు కుర్రాళ్లు కొండ దారుల్లో గీతలు పడేలా తిప్పిన ఏఈ86కూ అదే గతి పట్టింది. వీటిని కొని, కిలోమీటర్లు పెరిగితే విలువ తగ్గుతుందని గాజు గదిలో దాచిపెట్టేవారి మీద నాకు గౌరవం లేదు. పరుగు కోసం పుట్టిన యంత్రాన్ని భూమి పట్టాలా, బంగారు బిస్కెట్‌లా చూడటం దాన్ని ప్రేమించడం కాదు. పదిమంది కొనగలిగి, నడపగలిగి, పాడైతే బాగుచేసుకోగలిగిన ఎంఎక్స్-5 లాంటి బండి దగ్గరే ఈ ఇష్టం ఒక తరం నుంచి ఇంకో తరానికి అందుతుంది. పది లక్షలకు పైగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది కావడం వల్లే ఇంకా దొరుకుతోంది.

బండి దొరికితే చాలదు, విడిభాగాలు దొరకాలి. ఈ విషయంలో జపాన్ కంపెనీలు ఆలస్యంగానైనా కళ్లు తెరిచాయి. నిస్సాన్ 2017లో ఆర్32 భాగాలను మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. మాజ్దా అదే ఏడాది తొలి ఎంఎక్స్-5లను పూర్తిగా పునరుద్ధరించే పథకం ప్రకటించి, నాటి టైర్లను సైతం బ్రిడ్జ్‌స్టోన్ చేత తిరిగి పోయించింది. టొయోటా 2020 నుంచి సుప్రాకు, ఆ తరువాత ఏఈ86కు భాగాలు అందిస్తోంది. 2023లో పాత ఏఈ86లను హైడ్రోజన్‌తో ఒకటి, బ్యాటరీతో ఒకటి నడిచేలా మార్చి టోక్యో ఆటో సెలూన్ అనే కార్ల ప్రదర్శనలో ఉంచింది. పాత దేహాన్ని నిలబెట్టుకుంటూ పొగను తగ్గించవచ్చన్న ఆ ప్రయత్నం నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. చిత్రమేమిటంటే అదే జపాన్‌లో 13 ఏళ్లు దాటిన పెట్రోలు కారు మీద వార్షిక పన్ను పెరుగుతుంది. కంపెనీ భాగాలిచ్చి బతికించమంటుంటే ప్రభుత్వం పన్ను వేసి వదిలించుకోమంటుంది.

అభ్యంతరాలు లేకపోలేదు, వాటిని దాటవేయడం సరికాదు. 1980ల కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఇప్పటి కార్లతో పోలిస్తే ఎక్కువ పొగ వదులుతాయి. రాత్రిపూట నలుగురు తిరిగే రోడ్ల మీద రేసులు పెట్టుకుని ప్రాణాలు తీసినవారూ, పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఆ పనిని ఏ అభిమానం పేరుతోనూ సమర్థించను. కానీ ఆ ప్రమాదాలకు కారణం బండి పాతదనం కాదు, నడిపేవాడి బాధ్యతారాహిత్యం. కొత్త కారులోనూ అది అంతే ప్రాణాంతకం. ఇక పొగ సంగతి చూస్తే, వారానికి ఒక పూట తీసే కారునూ, రోజంతా నగరంలో తిరిగే పాత డీజిల్ వాహనాన్నీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

మన తెలుగు రాష్ట్రాల యువతలోనూ ఈ ఇష్టం ఉంది, కానీ దారి లేదు. మూడేళ్లు దాటిన వాడిన కారును సాధారణంగా మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. కాబట్టి సుప్రాలూ స్కైలైన్లూ మనవాళ్లకు ఫోను తెర మీది బొమ్మలే. అయినా మనకూ ఒక ఏఈ86 లాంటిది ఉంది. 1998లో వచ్చిన తొలి హోండా సిటీకి 2000లో వీటెక్ అనే 106 హార్స్‌పవర్ రకం ఇంజిన్ పెట్టి, 2003 దాకా అమ్మారు. చూడటానికి నాలుగు తలుపుల కుటుంబ కారే. ఇంజిన్ పరుగు అందుకున్నాక మాత్రం దాని స్వభావం వేరు. ఇరవై ఏళ్లు దాటినా ఆ బండి కోసం ఊరూరా వెతికేవారు, లైట్లూ బంపర్లూ పోగుచేసి దాచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఆ బండిని నిలబెట్టుకోవడం ఏటేటా కష్టమవుతోంది. 15 ఏళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్‌ను మళ్లీ చేయించుకోవడానికి ఒకప్పుడు 600 రూపాయలుండే రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో దాన్ని 10,000కు పెంచారు. మరోవైపు వారసత్వ వాహనాల కోసం 2021లో కేంద్రం మంచి నిబంధనలే తెచ్చింది. వాటికి వీఏ అనే ప్రత్యేక అక్షరాలతో నంబరు ఇస్తారు. కానీ ఆ గుర్తింపు దక్కాలంటే తొలి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. అంటే 15 ఏళ్లకు చట్టం దృష్టిలో ముసలిదైపోయిన కారు గౌరవం అందుకోవాలంటే ఇంకో 35 ఏళ్లు ఏ పేరూ లేకుండా బతకాలి. 25 ఏళ్లు దాటి, మంచి స్థితిలో ఉండి, ఏడాదికి కొద్ది కిలోమీటర్లే తిరిగే కార్లకు ఈ మధ్యలో ఒక ప్రత్యేక తరగతి కల్పించి, పొగ పరీక్షను, బ్రేకుల తనిఖీని కఠినంగా చేసి, రుసుమును మాత్రం భరించగలిగే స్థాయిలో ఉంచడం కేంద్ర రవాణా శాఖకు అసాధ్యమేమీ కాదు. ఇప్పుడున్న లెక్క ప్రకారం 2000లో రోడ్డెక్కిన సిటీ వీటెక్‌కు వారసత్వ వాహనమన్న గుర్తింపు రావాలంటే 2050 దాటాలి. ఇవాళ దాని బానెట్ కింద తల పెట్టి పని నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడికి అప్పటికి నలభై అయిదేళ్లు దాటుతాయి.