కళ్లు మూసుకుని లెక్కలా?

హరితగృహ వాయువుల ఉద్గారాలు తగ్గిస్తామని ఏటా ప్రమాణాలు చేసే దేశాలే, ఆ వాయువులు పైకి చేరాక ఏమవుతున్నాయో కొలిచే ఉపగ్రహాలను సకాలంలో వారసులు లేకుండా వదిలేస్తున్నాయి. అమెరికా ఆరా ఉపగ్రహాన్ని 2004లో పంపినప్పుడు 5 ఏళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. కెనడా సైశాట్ 2003 నాటిది, 2 ఏళ్ల కోసం చేసినది. 2001 డిసెంబరులో వెళ్లిన అమెరికా ఉపగ్రహం టైమ్డ్‌కు పెట్టిన గడువూ 2 ఏళ్లే. ఆరాలోని కీలక పరికరంలో అరిగిపోతున్న ఒక భాగాన్ని 2024 నుంచి నెలకు కొన్ని రోజులే నడుపుతూ పొదుపుగా నెట్టుకొచ్చారు. ఈ ఘనత ఇంజినీర్లది, ప్రభుత్వాలది కాదు.

పైన ఏ మార్పూ లేకపోతే ఈ నిర్లక్ష్యాన్ని కొంతైనా క్షమించవచ్చు. కానీ కింద గాలిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడే స్ట్రాటో ఆవరణంలోనూ (మేఘాలకు పైన, సుమారు 50 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉండే పొర) ఆ పైనా వేడిని అంతరిక్షంలోకి వెళ్లగొట్టి గాలిని చల్లబరుస్తుంది. వాతావరణ శాస్త్రవేత్తలు మనాబే, వెదరాల్డ్ 1967లోనే స్ట్రాటో ఆవరణం చల్లబడుతుందని లెక్కగట్టారు. చల్లబడిన పై పొరలు కుదించుకుపోతాయి, ఉపగ్రహాల శకలాలను కిందికి లాగే గాలి ఒరిపిడి తగ్గుతుంది, చెత్త మరిన్ని ఏళ్లు కక్ష్యలోనే తిరుగుతుంది. వేలకొద్దీ ఇంటర్నెట్ ఉపగ్రహాలను గుప్పిస్తున్నవారికైనా ఇది పట్టాలి.

నైట్రస్ ఆక్సైడ్ సంగతి మరీ ముఖ్యం. 100 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు తాపం పెంచే ఈ వాయువు నేల దగ్గర నశించదు. ఉష్ణమండలంలో మెల్లగా పైకి లేచే గాలి దాన్ని 30 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చాకే అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి. అందుకే దాని ఆయుష్షు 120 ఏళ్లకు కాస్త అటూ ఇటూ. భూతాపం పెరిగేకొద్దీ ఆ గాలి జోరందుకుని, వాయువును త్వరగా పైకి చేర్చి నశింపజేస్తుందని కంప్యూటర్ నమూనాలు చెబుతున్నాయి. ఆయుష్షు తగ్గుతున్న జాడ ఆరా కొలతల్లోనూ కనిపించింది. అంటే ఈ వాయువు ఎన్నాళ్లు బతకాలో కూడా వాతావరణ మార్పే తేలుస్తోంది!

త్వరగా నశిస్తే మంచిదేగా అనేవారున్నారు. అది విరిగినప్పుడు పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు ఓజోన్‌ను తింటాయని వారు మరచిపోతున్నారు. నిధులు పరిమితం, తుఫానులను చూసే ఉపగ్రహాలకే ముందు ఖర్చు పెట్టాలన్న వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే తుఫానుల ఉపగ్రహం ఒక ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాదే నష్టం. ఇక్కడ అలా కాదు. దశాబ్దానికి ఒకటి రెండు శాతం మార్పును పట్టుకోవాలంటే పాత పరికరం, కొత్త పరికరం కొన్నాళ్లు పక్కపక్కన కొలవాలి. లేకుంటే మారింది గాలా, పరికరమా అన్నది తేలదు. మధ్యలో తెగిన రికార్డును తర్వాత ఎన్ని కోట్లు పోసినా అతకలేరు.

ఐరోపా ఈ దెబ్బ ఒకసారి తిన్నది. 2012 ఏప్రిల్‌లో దాని ఉపగ్రహం ఎన్విశాట్ మూగబోయింది. అందులో పైగాలి వాయువులను కొలిచిన మిపాస్ పరికరం స్థానంలో అలాంటిది మరొకటి రాలేదు. 2025లో ఆ లోటు తీర్చగల కైర్ట్ అనే ఉపగ్రహ ప్రతిపాదనను ఐరోపా అంతరిక్ష సంస్థ పక్కనపెట్టి, మేఘాల్లో గాలులను కొలిచే వైవర్న్‌ను ఎంచుకుంది. అదే ఏడాది అమెరికా అధ్యక్ష కార్యాలయం నాసా భూశాస్త్ర నిధులను సగానికి పైగా కోయాలని ప్రతిపాదించింది. రికార్డు తెగుతుందని తెలిసే చేసిన నిర్ణయాలివి.

2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి, దాదాపు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటో ఆవరణంలోకి చిమ్మింది. అక్కడ ఉన్న నీటిలో అది సుమారు పదో వంతు. నీటి ఆవిరీ హరితగృహ వాయువే. దాన్ని తూకం వేసింది 17 ఏళ్లుగా కక్ష్యలో ఉన్న ఆరాయే. పేలుడు మరో పదేళ్లు ఆగి జరిగి ఉంటే?

శతాబ్ది మధ్యకల్లా ఉద్గారాలను నికర సున్నాకు తెస్తామని వేదికలెక్కి చాటే నాయకులు, ఆ సున్నా వచ్చిందో లేదో పైగాలిలో చూసే పరికరాన్ని ఏ సంవత్సరం ఎగరవేస్తారో ముందు చెప్పాలి. రికార్డు తెగితే బాధ్యత ఎవరిదో కూడా చెప్పాలి. అంతవరకు ఆ ప్రమాణాలను కట్టిపెట్టండి.