తుప్పు మీద పుట్టీ మెత్తితే ఎట్లా?

పాత మారుతి వ్యాన్ కొని బాగు చేయించుకోవాలంటే వరంగల్‌లో ఇంత టెన్షన్ ఎందుకు పడాలి? ఇంజన్‌తో నాకు పేచీ లేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు సీటు ఎత్తితే చేతికందుతుంది. కార్బ్యురేటర్ విప్పి కడిగే మెకానిక్‌లు హనుమకొండలో ఇంకా ఉన్నారు.

నా బాధంతా బాడీ గురించే. పక్కకు జరిగే తలుపు కింది పట్టాలో వాన నీళ్లు నిలిచి రేకును తినేస్తాయి. ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టమంటే, డెంటింగ్ షాపాయన పుట్టీ (గుంతలు పూడ్చే ముద్ద) మెత్తి రంగు కొట్టేశాడు. అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోకుండా జారి కింద పడింది, అంటే అక్కడున్నది రేకు కాదు, పుట్టీయే. అడిగితే "ఏం కాదన్నా, బయటికి కనబడదు. పాత బండికి గింత అవసరమా?" అంటాడు. అవసరమే! నేను పైసలిచ్చింది తుప్పు తీసేయడానికి, దాచిపెట్టడానికి కాదు.

2021 నాటి రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్ (పాతకాలపు అరుదైన బండి) హోదా. 1984లో మొదలైన ఈ వ్యాన్‌కు అది రాదు, ఫిట్‌నెస్ పరీక్ష, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ తప్పవు. సరే, కడతాను. కానీ ఏపీ 36 నంబరున్న మన పాత వరంగల్ బండ్లు ఒక్కొక్కటే తుక్కుకు పోతున్నాయి. మిగిలినవాటికైనా రేకు కోసి సరిగ్గా పని చేయండన్నా, కూలి ఎక్కువైనా ఇస్తాం.